‘తీయుట’ అన్న మాట గురించి కోడలికి

చిరంజీవి కోడలికి మామ ఆశీర్వదించి రాయునది.

ఏఐ అసిస్టెంటును మీ కంపెనీ కోడ్ రిపోజిటరీలతో (కోడ్ దాచే చోట్లతో) కలిపే ఎంసీపీ సర్వర్‌ను (ఎంసీపీ అంటే ఏఐ బయటి పనిముట్లతో మాట్లాడే పద్ధతి, మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) నువ్వే రాస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు నల్లగొండ అంతా చాటి రావాలనిపించింది. దాన్ని ఎలా పెట్టుకోవాలో, ఎలా వాడాలో చెబుతూ నువ్వు పంపిన రీడ్‌మీ చదివాక మాత్రం ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. వెర్షన్ నంబరు వేయి. కాన్ఫిగ్ ఫైలు ఏ ఫోల్డరులో ఉండాలో రాయి. ఈ ఎంసీపీ బయటికి వచ్చిందే 2024 నవంబరులో కాబట్టి ‘అందరికీ తెలిసిందే’ అని ఏదీ దాటవేయకు. ‘గిట్‌హబ్ టోకెన్ ఇవ్వండి’ అని ఒక్క ముక్కలో వదిలేశావు. ప్రోగ్రాం చేతికి ఇచ్చే తాళంచెవి లాంటిది కదా, ఏ టోకెన్? క్లాసిక్ టోకెన్‌కు ‘రెపో’ అనుమతి ఇస్తే, ఆ మనిషి చేయి ఎన్ని ప్రైవేటు రిపోజిటరీలకు అందుతుందో అన్నింటికీ టోకెన్ చేయి కూడా అందుతుంది. ఫైన్‌గ్రెయిన్డ్ టోకెన్ అయితే ఏ రిపోజిటరీ, చదవడానికా, రాయడానికా అని ఎంచి ఇవ్వవచ్చు. ఆ తేడా రాయకపోతే తొందరలో ఉన్నవాడు మొదటిదే ఇస్తాడు.

నాకు నిద్ర లేకుండా చేసినది మాత్రం, అసిస్టెంటు పిలిచి పని చేయించుకునే ఒక టూల్‌కు నువ్వు రాసిన వివరణ: ‘పాత బ్రాంచీలను సర్దుతుంది.’ కోడ్‌లో విడిగా సాగే పాయలను, ఆ బ్రాంచీలను, సర్దడమంటే ఏమిటి బిడ్డా? వరుసలో పెట్టడమా, ఊడ్చి పారేయడమా?

1994లో మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ధాన్యం లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను. వాడే విధానాన్ని రెండు వందల పేజీల నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశానని ఎంత గర్వపడ్డానో! అందులో ఏడవ వరుస ఇది: ‘7 నొక్కిన యెడల పాత లెక్కలు తీయవచ్చును.’ తీసివేయడం అని నా ఉద్దేశం. యాసంగి కొనుగోళ్ల నడుమ ఒక రైతు వచ్చి వానాకాలం బాకీ ఎంతో చూడమన్నాడు. మన దగ్గర లెక్క తీయడమంటే లెక్క చూసి చెప్పడమే కదా, గుమాస్తా 7 నొక్కాడు. ఫాక్స్‌ప్రోలో డిలీట్ అంటే రికార్డుకు గుర్తు మాత్రమే పడుతుంది, రీకాల్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ నేను డిస్కులో జాగా మిగులుతుందని దాని వెనుకే, గుర్తు పడిన రికార్డులను పూర్తిగా తుడిచేసే ప్యాక్ కూడా పెట్టాను. ఆ తరువాత తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. కాంటా చీటీలు ముందేసుకుని తొమ్మిది రోజులు మళ్లీ ఎక్కించాము. లెక్కలు తిరిగి వచ్చాయి. అయితే మొదటి రోజున సేటు ఆ గుమాస్తాను అందరి ముందు నానా మాటలు అంటుంటే, తప్పు నా వాక్యానిదని చెప్పకుండా నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అతను నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

ఆ గుమాస్తాకు అనుమానం వస్తే అడగడానికి ఒక మనిషైనా ఉన్నాడు. అసిస్టెంటు ఏ టూల్ పిలవాలో నిర్ణయించుకునేది ప్రధానంగా దాని పేరు, నువ్వు రాసిన వివరణ చూసే. చదవడానికి మాత్రమే, చెరిపేది అని టూల్‌కు తగిలించే గుర్తులు ఎంసీపీలో ఉన్నాయని నాకు తెలుసు, తప్పక పెట్టు. అవి సూచనలే, తాళాలు కావు. కాబట్టి వాక్యంలోనే ‘చెరుపుతుంది’ అని రాయి. ఏ బ్రాంచీలను, ఎన్ని రోజుల పాతవాటిని, తిరిగి తెచ్చుకునే దారి ఉందా లేదా అన్నది కూడా అక్కడే చెప్పు.

కోప్పడ్డానని అనుకోకు. నీ వయసులో నేను ఇందులో సగం కూడా రాయలేదు.

ఆదివారం నల్లగొండకు వచ్చేటప్పుడు కొత్త రీడ్‌మీ ప్రింటు తీసుకురా. నువ్వు అత్తతో వంటింట్లో కూర్చో, నేను ఒక్కడినే అది చదువుతూ నా కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేస్తాను. నిన్ను ఎన్నిసార్లు పిలవవలసి వస్తే అన్ని వాక్యాలు ఆ సాయంత్రమే కలిసి దిద్దుదాం.

మీ మామ