మనవడి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్

సీతమ్మధార నుంచి రాసిన సోదరికి: బౌద్ధిక వైకల్యం ఉన్న మీ 16 ఏళ్ళ అబ్బాయితో, ఆడపడుచు గారి పిటిషన్ మీద వచ్చిన గ్రీన్ కార్డుతో టెక్సాస్ వెళ్తున్నామని, 18 నిండాక వాడి గతేమిటని అడిగారు. బడి గురించి బెంగ పడకండి. చదువు ముగిశాక ఏమిటన్న ప్రణాళికను అక్కడ 14వ ఏటి నుంచే బడివాళ్ళు రాస్తారు, సెప్టెంబర్ 1 నాటికి 21 ఏళ్ళున్నా ఆ విద్యాసంవత్సరం చివరిదాకా చూసుకుంటారు. ఆ నిబంధనలన్నీ మీరే చదువుకోగలరు. మీలాంటి కొత్తవాళ్ళకు తట్టనిది డబ్బు సంగతి.

మావాడికి 17 నడుస్తుండగా వేసవికి విశాఖ వచ్చాం. పోర్టులో రిటైరైన మా మామగారు డాబాగార్డెన్స్‌లోని బ్యాంకులో వాడి పేరున 6 లక్షలు ఫిక్స్‌డ్ వేసి, రసీదు నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి ముందు పెట్టి వాడి చేతికిచ్చారు. 18 నిండగానే వాడికి, ఆదాయం, ఆస్తి తక్కువగా ఉన్న వికలాంగులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఎస్సెస్సై అనే నెలవారీ భృతికి దరఖాస్తు చేశాను. ఆ వయసు నుంచి తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి రాదని తెలుసుకున్నానే గానీ, వాడి సొంత ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదన్న నియమాన్ని, 1989 నుంచి మారని ఆ అంకెను, నేను పట్టించుకోలేదు. వేరే దేశంలో ఖాతాలున్నాయా అని అధికారి అడిగితే, మావాడికీ ఆస్తి ఉందని కాస్త గొప్పగానే చెప్పాను. దరఖాస్తు తిరస్కరించారు. ఏడు నెలల భృతి, దానితో రావలసిన మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య సాయం పోయాయి. (2025లో ఆ భృతి గరిష్ఠంగా నెలకు 967 డాలర్లు, గుణించి చూసుకోండి, నేను చాలాసార్లు గుణించాను.) చివరికి ఆ డిపాజిట్‌ను రద్దు చేసి, 2014 నాటి చట్టంతో వచ్చిన, వైకల్యం ఉన్నవారు పొదుపు చేసుకునే ఏబుల్ ఖాతాలోకి మార్చాం. అందులో లక్ష డాలర్ల వరకు ఉన్నా ఎస్సెస్సై లెక్కలోకి రాదు. లాయరు లేకుండా ఇదంతా నేనే నేర్చుకుని చేశాను.

గ్రీన్ కార్డుతో వెళ్ళేవారికి మొదటి అయిదేళ్ళు ఎస్సెస్సై సాధారణంగా రాదు, ఆ తర్వాత కూడా పని చేసిన త్రైమాసికాల లెక్క అడుగుతారు. అంతవరకు ఖర్చు మీదే కనుక ఇప్పటి నుంచే దాచుకోండి, కానీ వాడి పేరున మాత్రం దాచకండి. ఇంటి దగ్గరే సహాయకులను ఇచ్చే వేవర్ పథకాలకు టెక్సాస్‌లో వరుస చాలా పెద్దది. పిల్లవాడు చిన్నవాడే కదా అని నేను 13వ ఏట గానీ పేరు రాయించలేదు, 25వ ఏట పిలుపు వచ్చింది. అద్దె ఇల్లు దొరికిన వారంలోనే మీరు రాయించండి. 18 తర్వాత సంతకం ఎవరు పెట్టాలన్న విషయానికి, ఇక్కడ కలెక్టర్ గారి కమిటీ ఇచ్చిన గార్డియన్ పత్రం చూపితే చాలనుకోకండి.

ఇక మీ అత్తగారు భీమిలి స్థలాన్ని మనవడికి రాస్తానంటున్నారన్నారు. ముందు ఆ పని ఆపించండి. ఇవ్వాలనుకుంటే, ఆస్తి వాడి పేరున లేకుండా వాడి అవసరాల కోసమే పెట్టే స్పెషల్ నీడ్స్ ట్రస్టుకు ఇవ్వమనండి. ఆమె నొచ్చుకుంటారు, తప్పదు. మా మామగారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ తాగుతూ, "అయితే ఆ డబ్బు నీ పేరున వేస్తాలే" అన్నారు.