ఏం పెట్టాలో మీ వంతు, ఎంత తినాలో వాడి వంతు

ప్రశ్న: మా బాబుకు 3 ఏళ్లు, బరువు 13 కిలోలు. పెరుగన్నం, బిస్కెట్లు తప్ప ఏదీ ముట్టడు. కూర కలిపితే ఉమ్మేస్తాడు. ఫోన్ చేతికిచ్చి ఇల్లంతా తిప్పుతూ పెడితే గంట పడుతోంది. సరిగా తినడం లేదని రోజుకు నాలుగు గ్లాసుల పాలు తాగిస్తున్నాను. బూచాడొస్తాడని అత్తగారు భయపెడితే రెండు ముద్దలు మింగుతాడు. ఏం చేయాలి?
- ఒక సోదరి, తణుకు

జవాబు: మూడేళ్ల మగపిల్లాడికి 13 కిలోలు తక్కువేమీ కాదమ్మా, ముందు ఆ బెంగ వదలండి. మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకు మూడింతలయ్యే బిడ్డ, ఈ వయసులో ఏడాదికి రెండు కిలోలు, కాస్త అటూ ఇటూగా పెరుగుతాడు. దాంతో ఆకలీ తగ్గుతుంది. కొత్త రుచికి జంకడం కూడా ఈ వయసులో మామూలే.

అసలు చిక్కు పాల దగ్గరుంది. గ్లాసు 200 మి.లీ. అనుకున్నా రోజుకు 800 మి.లీ. చిక్కటి పాలైతే 500 కేలరీలు దాటుతాయి. వాడికి రోజంతటికీ కావలసింది సుమారు వెయ్యి. సగం ఆకలి గ్లాసుతోనే తీరిపోతుంటే ముద్దకు నోరెందుకు తెరుస్తాడు? పైగా పాలలో ఇనుము దాదాపు ఉండదు, అందుకే పాలమీదే పెరిగే పిల్లలకు రక్తం తగ్గుతుంది. రెండు మూడు రోజులకు అరగ్లాసు చొప్పున తగ్గిస్తూ రెండు గ్లాసులకు తీసుకురండి. 8కి టిఫిను, 10.30కి పండు, 1కి అన్నం, 4.30కి చిరుతిండి, 7.30కి అన్నం. పాలు టిఫినుతో ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో మంచినీళ్లే. ‘ఒక్క బిస్కెట్టేగా’ అని 12 గంటలకు ఇస్తే ఒంటిగంట అన్నం పాడైనట్టే.

పెరుగన్నం మాన్పించొద్దు, వాడి ధైర్యం అదే. పళ్లెంలో దాని పక్కన చెంచాడు పప్పన్నం, మెత్తగా ఉడికిన రెండు క్యారెట్ ముక్కలు విడిగా ఉంచండి. పెరుగన్నంలో కూర దాచి పెట్టారో, వాడు కనిపెట్టిన రోజున అదీ మానేస్తాడు. తినమని అడగొద్దు. ముట్టుకున్నా, వాసన చూసినా, నాకి ఉమ్మేసినా ఒక మెట్టు ఎక్కినట్టే. ఒక కూర అలవాటు కావడానికి పది పదిహేనుసార్లు పట్టొచ్చు. చాలా ఇళ్లలో మూడోసారికే ‘వీడికి బెండకాయ పడదు’ అని తేల్చేస్తారు. పులుసులో జిగురుగా తగిలిన బెండకాయ నచ్చకపోతే వేపుడు చేసి చూడండి. కారం వేయకముందే వాడి వాటా తీసి పెట్టండి.

ఫోన్ చూస్తూ మింగే బిడ్డకు కడుపు నిండిందో లేదో తెలియదు. మీ పక్కన పీట వేసి కూర్చోబెట్టండి. 25 నిమిషాలయ్యాక కోపం చూపకుండా పళ్లెం తీసేయండి. ఏం, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలన్నది పెద్దల పని, తినాలా వద్దా, ఎంత తినాలన్నది బిడ్డ పని అంటారు అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్. మొదటివారం తక్కువే తింటాడు. అప్పుడు జాలిపడి పాలిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

బూచి భయంతో మింగితే అన్నం వేళంటేనే భయం పుడుతుంది. ‘కూర తింటే చాక్లెట్’ అన్నా అంతే, కూర శిక్షలా మారుతుంది. అత్తగారిని వాడి ఎదురుగా కూర్చుని అదే కూర తినమనండి. ఆవిడ చేయగల గొప్ప సాయం అది.

బరువు తగ్గుతున్నా, గట్టి ముక్క తగిలిన ప్రతిసారీ వాంతి చేసుకుంటున్నా, తినే రకాలు ఇంకా తగ్గిపోతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: 4 ఏళ్ల పాప బలపాలు, సున్నం పెచ్చులు తింటోంది. కొట్టినా మానడం లేదు.
- ఒక తల్లి, జనగామ

జవాబు: కొట్టొద్దమ్మా. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు చాలామంది పిల్లలు ఇలా తింటారు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో 11 కంటే తక్కువుంటే రక్తహీనతే. నులిపురుగుల మందు గురించీ డాక్టరును అడగండి. ఐరన్ మందు రాస్తే పాలతో, టీతో కలిపి ఇవ్వొద్దు, ఒంటికి పట్టదు. తోటకూర పప్పన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, ఇనుము బాగా పడుతుంది.