రెండో బేస్ మీద మనిషి ఉన్నప్పుడు

చి. కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

మీ బడి బేస్‌బాల్ జట్టులో నిన్ను క్యాచర్‌గా నిలబెట్టారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నిలబెట్టారు అనకూడదేమో, కూర్చోబెట్టారు అనాలి. తెనాలిలో వికెట్ కీపింగ్ చేసినవాణ్ణి. న్యూజెర్సీకి వచ్చాక ఇరవై ఏళ్ళు ఆదివారం జట్లలో గొంతుక్కూర్చుని మోకాళ్ళు అరగదీసుకున్నాను. వికెట్ల వెనక ఉన్నప్పుడు బౌలర్ ఏం వేస్తాడో కనిపెట్టడమే మన పని. ఇక్కడ ఏం వేయాలో బ్యాటర్ వెనక కూర్చుని మనమే పిచర్‌ను, అంటే బంతి విసిరేవాణ్ణి, వేళ్ళ గుర్తులతో అడుగుతాం.

ఒక వేలు చూపిస్తే వేగంగా వచ్చే ఫాస్ట్‌బాల్, రెండు కిందికి వంగే కర్వ్, మూడు పక్కకు జారే స్లైడర్, నాలుగు వేళ్ళూ ఆడిస్తే నెమ్మదిగా వచ్చే చేంజప్. ఇది అందరికీ తెలిసిందే. తెలియాల్సింది చూపించే తీరు. చెయ్యి తొడల మధ్య లోపలికి ఉండాలి. మరీ కిందికి జారితే వెనకనుంచి వేళ్ళు కనిపిస్తాయి. మిట్‌ను, అంటే చేతి తొడుగును, ఎడమ మోకాలికి అడ్డంగా పెట్టు, మూడో బేస్ దగ్గరి ఎదుటి జట్టు కోచ్ కళ్ళు అటే ఉంటాయి. వేళ్ళు ఆడించేటప్పుడు మోచేయి కదలనివ్వకు. వేళ్ళు కనిపించకపోయినా, ముంజేయి కదలికను బట్టే చేంజప్ అని పట్టేసేవాళ్ళున్నారు.

అయితే ఎదుటివాళ్ళకు దొరక్కుండా దాచాలన్న ఆత్రంలో మన పిచర్‌కే అర్థం కాకుండా చేసుకునేవాళ్ళు ఎక్కువ. నేనూ చేశాను. పిచర్ వెనక ఉండే రెండో బేస్ మీద ఎదుటి జట్టు రన్నర్ ఉంటే నీ వేళ్ళు అతనికి పిచర్‌కు కనిపించినట్టే కనిపిస్తాయి. అందుకే వరసగా మూడు నాలుగు గుర్తులు చూపించి, వాటిలో ఒకటే అసలుది అనుకుంటాం. మా లెక్క, ఔట్లకు ఒకటి కలపడం. ఎవరూ ఔట్ కాకపోతే మొదటి గుర్తు, ఒకరైతే రెండోది. ఒకసారి రెండు, ఒకటి, మూడు చూపించాను. అప్పటికే ఒక ఔట్ అయిందన్న సంగతి నేను మరిచాను, పిచర్ మరవలేదు. కర్వ్ కిందికి వంగుతుందని మిట్ దించి కూర్చుంటే, ఫాస్ట్‌బాల్ తిన్నగా వచ్చి భుజం ఎముక మీద తగిలింది. చలికాలంలో అది ఇప్పటికీ సలుపుతుంది. కాబట్టి ఔట్ అయిన ప్రతిసారీ వేళ్ళు పైకెత్తి అందరికీ లెక్క చూపించు, నీకోసమే అనుకుని.

రన్నర్ కంటితో చూసి కనిపెడితే అది ఆటలో భాగమే, కోపం తెచ్చుకోకు. 2017లో పెద్ద లీగు జట్టు హ్యూస్టన్ ఆస్ట్రోస్ వాళ్ళు చేసింది వేరు. కెమెరాలో గుర్తులు చూసి, ఆటగాళ్ళు కూర్చునే డగౌట్ పక్కన చెత్తడబ్బా మీద బాది బ్యాటర్‌కు చెప్పారు. 2020లో 50 లక్షల డాలర్ల జరిమానా పడింది. 2022 నుంచి పెద్ద లీగులో మీటలు నొక్కితే పిచర్ టోపీలో మాట వినిపించే పిచ్‌కామ్ వచ్చింది. మీకింకా వేళ్ళే కదా, నాకు అదే నచ్చుతుంది.

తల సంగతి ఒకటి చెప్పాలి. పిచర్ తల అడ్డంగా తిప్పితే నీ గుర్తు వద్దన్నట్టు. చిన్నతనంగా అనుకోకు, మరొకటి చూపించు. మా జట్టులో ఒక తెలుగు కుర్రాడు ఉండేవాడు. మనవాళ్ళలాగా సరేనని తల అటూ ఇటూ ఆడించేవాడు. వద్దంటున్నాడేమోనని నేను వరసగా గుర్తులు మార్చేవాణ్ణి, అతను అన్నిటికీ సరేననేవాడు. మూడో ఆటకు గానీ మాకు తెలిసిరాలేదు. నువ్వు ముందే అడిగి తెలుసుకో, మీ పిచర్ ఎవరైనా సరే.

సాయంత్రం ఆటల్లో అరవై అడుగుల అవతలినుంచి వేళ్ళు మసకగా కనిపిస్తాయి. గోళ్ళకు తెల్లరంగు వేసుకో, పెద్ద ఆటగాళ్ళే వేసుకున్నారు, సిగ్గుపడకు. సీసా మీ అత్తయ్య పచ్చళ్ళ పార్సెల్‌లో పెట్టింది. ఆవకాయ నూనె అంటకుండా తీయి.

ఇట్లు,
మీ మామయ్య