టెక్ సందేహాలు: కంజి గుర్తుండాలంటే కథ తెలుగులోనే కట్టండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం జపనీస్ గురించే. కాబట్టి ఫోన్ బ్యాటరీలు, వైఫై రౌటర్ల సంగతి వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. 2021 జనవరిలో జపాన్‌లో పనిచెయ్యడానికి నైపుణ్యం ఉన్నవాళ్లకి ఇచ్చే స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మీద భారత్, జపాన్ ఒప్పందం చేసుకున్నాయి. ఆ వీసాకి జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 స్థాయి ఉండాలి, లేదంటే జేఎఫ్‌టీ బేసిక్ అనే పరీక్ష పాసవ్వాలి. వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకైతే దానిమీద ఇంకో భాషా పరీక్ష కూడా ఉంటుంది. ఏది రాసినా కంజి, అంటే చైనా నుంచి వచ్చిన, ఒక్కోటీ ఒక అర్థాన్నిచ్చే జపనీస్ అక్షరాలు, మాత్రం తప్పదు.

ప్రశ్న: మాది పలాస. నర్సింగ్ చివరి సంవత్సరం. హిరగానా, కటకానా అక్షరమాలలు వచ్చేశాయి, కంజి దగ్గర ఆగిపోయాను. ఆంకీలో (కార్డులు మళ్లీ మళ్లీ చూపించి గుర్తుపెట్టించే యాప్) ఒక ఇంగ్లిష్ డెక్ (కార్డుల కట్ట) దించుకున్నాను. ప్రతి అక్షరానికీ గుర్తుపెట్టుకోవడానికి ఒక కథ ఉంది, కానీ ఆ కథ అర్థం కావాలంటేనే డిక్షనరీ తియ్యాల్సి వస్తోంది. నేను తెలుగు మీడియం. నా వల్ల అవుతుందా అండీ? వేరే యాప్ ఏదైనా ఉందా?

తప్పకుండా అవుతుందమ్మా. యాప్ మార్చకండి, ఆంకీ మంచిదే. మార్చాల్సింది అందులో ఉన్న కథల్ని. అవి అమెరికాలో పెరిగిన వాళ్ల కోసం రాసినవి. బేస్‌బాల్, వాళ్ల టీవీ షోలు, వాళ్ల వంటలు, ఇంగ్లిష్ మాటల్లోని శబ్ద సామ్యాలు, ఇవే వాటికి ఆధారం. కథ వినగానే బొమ్మ కళ్ల ముందు కదలాలి. దాన్ని ముందు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్చుకుని, అక్కణ్ణుంచి జపనీస్‌కి వెళ్లాలంటే మీరు ఒక అక్షరానికి రెండు అక్షరాల కష్టం పడుతున్నట్టే. 1975లో అట్కిన్సన్, రా అనే ఇద్దరు పరిశోధకులు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకి రష్యన్ మాటలు ఇలాగే శబ్దం పోలికతో నేర్పించి చూశారు, బాగా పనిచేసింది. అక్కడ కొక్కెంగా వాడిన మాటలు ఇంగ్లిష్‌వి, ఎందుకంటే ఆ విద్యార్థుల భాష ఇంగ్లిష్. మీ భాష తెలుగు కాబట్టి మీ కొక్కెం తెలుగులోనే ఉండాలి.

ఎలాగో ఒక కుటుంబం తీసుకుని చూపిస్తాను. కంజిలో గుడి అనే అక్షరం ఒకటుంది, బౌద్ధాలయం అన్నమాట. పైన నేల అనే ముక్క, కింద అంగుళం అనే ముక్క. మన వంశధార ఒడ్డున శాలిహుండం గుర్తుచేసుకోండి, గిడుగు రామమూర్తి పంతులు 1919లో వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం. అంగుళం అంగుళం నేల తవ్వితే గుడి బయటపడింది. కథ అయిపోయింది. దీన్ని జపనీస్‌లో ‘తెర’ అని చదువుతారు. నైవేద్యం పెట్టేటప్పుడు గర్భగుడికి తెర వేస్తారు కదా, మళ్లీ మర్చిపోతారా? రెండో ఉచ్చారణ ‘జి’.

ఇప్పుడు ఈ గుడికి ఎడమ పక్కన సూర్యుణ్ణి పెట్టండి, అది ‘సమయం’ అవుతుంది. ఇంగ్లిష్ డెక్ తయారుచేసిన వాళ్లకి సూర్యుడికీ గుడికీ లంకె వెయ్యాలంటే ఏదో కథ అల్లాలి. శ్రీకాకుళం జిల్లా వాళ్లకి ఆ అవసరమే లేదు. అరసవల్లి ఉంది. మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులపాటు పొద్దున్నే కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, సరిగ్గా ఆ సమయానికి అక్కడ ఉంటేనే చూడగలం. సూర్యుడు, గుడి, సమయం. ఈ అక్షరం ఉచ్చారణ కూడా ‘జి’యే, ‘ఇచిజి’ అంటే ఒంటిగంట.

సూర్యుడి బదులు చెయ్యి పెడితే ‘పట్టుకోవడం’. చదివేది ‘మొత్సు’. దేవుడి పల్లకీ మోత అనుకోండి, చేతులు, గుడి, మోత మూడూ ఒకేచోట దొరుకుతాయి. చెయ్యి తీసేసి నడకని సూచించే ముక్క పెడితే ‘ఎదురుచూడటం’, రథసప్తమి నాడు గుడిదాకా నడిచి వెళ్లి క్యూలో నిలబడటమే. ఆవుని పెడితే ‘ప్రత్యేకం’, శ్రీముఖలింగంలో శివుడి ఎదుట కూర్చున్న నందికి ఉన్న ప్రత్యేకత ఇంకే ఎద్దుకుంది? మనిషిని పెడితే ‘సమురాయ్’, గుడిని కాపలా కాసే మనిషి. ఒక్క గుడి తెలిస్తే ఇన్ని అక్షరాలు వస్తున్నాయి, పైగా వాటిలో సమయం, పట్టుకోవడం, సమురాయ్ మూడింటికీ ‘జి’ అనే ఉచ్చారణ ఉంది. కుడి పక్కనున్న ముక్క శబ్దాన్ని ఇవ్వడం కంజిలో చాలాచోట్ల కనిపిస్తుంది. నీలం అనే అక్షరం పక్కన నీళ్లు, సూర్యుడు, మాట, బియ్యం ఏది పెట్టినా ‘సేయ్’ అనే చదవొచ్చు. ఇలాంటి కుటుంబాలని ఒకేసారి నేర్చుకోండి, విడివిడిగా వద్దు.

మీ వృత్తికి పనికొచ్చేవి రెండు చెబుతాను. పైన గడ్డి, కింద హాయి, కలిపితే ‘మందు’. ఆకు పసరు రాస్తే నొప్పి తగ్గి హాయిగా ఉంటుంది కదా. ఉచ్చారణ ‘కుసురి’, అమ్మ కసిరి మందు మింగించిందని పెట్టుకోండి. రెండోది, కంటి మీద చెయ్యి. ఎండలో దూరంగా ఉన్నదాన్ని చూడాలంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటాం, అదే బొమ్మ. అర్థం కనిపెట్టి చూసుకోవడం, ఉచ్చారణ ‘కన్’, మన కన్నే. ‘కన్‌గో’ అంటే నర్సింగ్.

అన్నిటికీ ఇంత తేలిగ్గా దొరకవు. ఎదురుచూడటానికి ‘మత్సు’ అని ఉచ్చారణ, దానికి లాక్కొచ్చి తెలుగు మాట అతికించడం కంటే ‘మత్తె కుదసాయ్’, కొంచెం ఆగండి, అనే వాక్యాన్నే పదిసార్లు వినడం మేలు. బలవంతపు కథ ఇంకో బరువు అవుతుంది.

తెలుగు వాళ్లకి ఉన్న ఇంకో బలం దీర్ఘాలు, ద్విత్వాలు. ‘ఒబసాన్’ అంటే అత్త లేదా పిన్ని వరస, ‘ఒబాసాన్’ అంటే అమ్మమ్మ. వృద్ధాశ్రమంలో పనిచేసే వాళ్లు రోజూ వాడే మాట ఇది. ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే పోస్టల్ స్టాంపు. ఇంగ్లిష్ లిపిలో చదివితే ఈ తేడాలు జారిపోతాయి, మన లిపిలో ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి. అయితే ఇదే మనల్ని మోసం చెయ్యగలదు కూడా. వాన అనే మాట ‘అమె’, మన ‘ఆమె’ని కొక్కెంగా పెట్టుకుంటే అక్షరం గుర్తుంటుంది కానీ నోట్లో దీర్ఘం ఉండిపోతుంది. అలాంటి కార్డు మీద ‘దీర్ఘం లేదు’ అని రాసి పెట్టుకోండి.

ప్రశ్న: ఎచ్చెర్లలో బీటెక్ చదువుతున్నాను. సొంత కథలు రాసుకుంటున్నాను కానీ నోట్‌బుక్‌లో ఉండిపోతున్నాయి. ఆంకీ డెక్‌లోకి ఎలా తేవాలి? రివ్యూలు (మళ్లీ చూడాల్సిన పాత కార్డులు) కూడా గుట్టలా పేరుకుపోయి టెన్షన్‌గా ఉంది.

దించుకున్న డెక్‌లో ఇంగ్లిష్ కథ ఉన్న ఫీల్డ్‌ని చెరపకండి, పక్కన కొత్తది చేర్చండి. ఆండ్రాయిడ్ యాప్ ఆంకీడ్రాయిడ్‌లో నోట్ టైప్స్‌లోకి వెళ్లి, ఆ డెక్ వాడుతున్న నోట్ టైప్ తెరిచి, యాడ్ ఫీల్డ్ నొక్కి ‘కథ’ అని పేరు పెట్టండి. తర్వాత కార్డ్ టెంప్లేట్ తెరిచి వెనక వైపు భాగంలో రెండేసి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య కథ అని రాయండి, అంతే. ముందు వైపు మాత్రం పెట్టకండి, కథ చూసి జవాబు చెప్పడం అలవాటైతే కథ లేకుండా అక్షరం గుర్తురాదు. ఫీల్డ్ చేర్చగానే ఫుల్ సింక్ కావాలని అడుగుతుంది, ఫోన్‌లో మార్పు చేశారు కాబట్టి అప్‌లోడ్ నొక్కాలి. డౌన్‌లోడ్ నొక్కితే ఇప్పుడు చేసిన పనంతా పోతుంది. అందుకే ముందు డెక్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి ఒక కాపీ దాచుకోండి.

రివ్యూల గుట్టకి కారణం రోజుకి 20 కొత్త కార్డులు. ఆంకీలో అది ముందే పెట్టి ఉండే సంఖ్య, ఎవరూ మార్చరు. కాలేజీ, ల్యాబ్, బస్సు ప్రయాణం ఉన్న మనిషికి 5 చాలు, ఎందుకంటే ఇవాళ్టి కొత్త కార్డు రేపు, ఎల్లుండి, వచ్చే వారం మళ్లీ మళ్లీ రివ్యూగా వస్తుంది. డెక్ ఆప్షన్స్‌లో కొత్తవి సున్నా చేసి, గుట్ట కరిగేదాకా పాతవే చెయ్యండి, తర్వాత 5 పెట్టండి. అక్కడే కింద ఎఫ్ఎస్‌ఆర్‌ఎస్ అనే స్విచ్ ఉంటుంది, ఆన్ చెయ్యండి. 2023 చివర్లో ఆంకీలో చేరిన లెక్క విధానం ఇది, మీ రివ్యూ చరిత్రని బట్టి ఏ కార్డు ఎప్పుడు చూపించాలో లెక్కవేస్తుంది. ఇక ఒకే కార్డు పదే పదే తప్పు పోతుంటే ఆ కథ మీకు అతకలేదన్నమాట, ఇంకాస్త తిట్టుకుంటూ చదవకుండా కథ మార్చెయ్యండి.

ఆండ్రాయిడ్, కంప్యూటర్లలో ఆంకీ ఉచితం. ఐఫోన్‌లో అసలైనది డబ్బు కట్టి కొనాలి. స్టోర్‌లో అలాంటి పేరే పెట్టుకున్న వేరే యాప్‌లు ఉన్నాయి, చూసుకోండి. కంజి నేర్పే ‘వనికని’ అనే సైట్ గురించి కూడా కొందరు అడిగారు. మొదటి మూడు లెవెల్స్ ఉచితం, కథలన్నీ ఇంగ్లిష్‌వే, కానీ ప్రతి అక్షరం కింద సొంత నోట్ రాసుకునే చోటు ఉంది. ఇంగ్లిష్ ధారాళంగా చదివేవాళ్లకి మంచి క్రమశిక్షణ ఇస్తుంది, మిగతావాళ్లు చందా కట్టే ముందు ఆ మూడు లెవెల్స్ పూర్తిచేసి చూడండి.

ప్రశ్న: బొబ్బిలి నుంచి. పుస్తకంలో ఉన్న కంజికీ నా ఫోన్‌లో కనబడే కంజికీ కొన్నిచోట్ల గీతలు వేరుగా ఉన్నాయి. పుస్తకం తప్పా, ఫోన్ తప్పా?

మీ కళ్లు చురుకైనవి. చాలామంది ఇది గమనించకుండానే తప్పు ఆకారానికి కథ కట్టుకుంటున్నారు. పుస్తకమే నిజం. మూలం ఒకటే అయిన చైనా, జపాన్ అక్షరాలకి, కంప్యూటర్లు వాడే అక్షరాల సంఖ్యల జాబితా అయిన యూనికోడ్‌లో ఒకే సంఖ్య ఇచ్చారు, ఏ దేశపు ఆకారం చూపించాలన్నది ఫాంట్ నిర్ణయిస్తుంది. మీ ఫోన్ భాషల్లో ఇంగ్లిష్, తెలుగు మాత్రమే ఉంటే అది తరచుగా చైనా ఆకారం తీసుకుంటుంది. ‘నవోసు’, అంటే బాగుచేయడం, అనే మాటలోని అక్షరం చూడండి. జపనీస్‌లో ఎడమ వైపు గీత కిందికి దిగి కుడికి మలుపు తిరుగుతుంది. చైనా ఆకారంలో ఆ మలుపు ఉండదు, కింద అడ్డగీత ఒకటే ఉంటుంది. ఎముక అనే అక్షరంలో పై గడి లోపలి చిన్న మూల జపనీస్‌లో కుడి వైపు, అక్కడ ఎడమ వైపు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాంట్లో లాంగ్వేజెస్ తెరిచి జపనీస్‌ని కూడా చేర్చండి. మొదటి స్థానంలో మీ భాష అలాగే ఉండనివ్వండి, ఫోన్ జపనీస్‌లోకి మారిపోదు. ఆంకీలో అప్పటికీ సరిగా రాకపోతే టెంప్లేట్‌లో అక్షరం ఉన్న భాగానికి లాంగ్ అనే ఆట్రిబ్యూట్ పెట్టి జేఏ అని ఇవ్వండి. ‘నవోసు’ అక్షరం తెరిచి మలుపు వచ్చిందో లేదో చూస్తే పని అయిందీ లేనిదీ తెలిసిపోతుంది.

ప్రశ్న: విజయనగరం. మా అబ్బాయి కథలన్నీ ఏఐ చాట్‌బాట్‌తో రాయించుకుంటున్నాడు. పర్వాలేదా?

కొంతవరకే. అక్షరంలో ఏయే ముక్కలున్నాయన్నది చాట్‌బాట్ ధీమాగా తప్పు చెప్పగలదు, లేని గొడుగుని ఉందంటుంది. ముక్కలు ముందు జిషో లాంటి నిఘంటువులో చూసుకుని, వాటిని తనే టైప్ చేసి ఇచ్చి, నాలుగైదు తెలుగు కథలు అడగమనండి. అవి ముడిసరుకు మాత్రమే. చివరి కథ అబ్బాయే చెప్పాలి, అందులో పైడితల్లి జాతరో, కోట దగ్గరి సందో, వాళ్ల తాతగారో ఉండాలి. మనం పుట్టించిన మాట మనకి ఎక్కువ గుర్తుంటుందని 1978లో స్లమెక్కా, గ్రాఫ్ ప్రయోగాలు చేసి చూపించారు. రాయించుకున్న కథకి ఆ లాభం ఉండదు.

ప్రశ్న: రాజాం. కంజి చేత్తో రాయడం కూడా నేర్చుకోవాలా?

పరీక్ష వరకు అక్కర్లేదు. జేఎల్‌పీటీలో జవాబులు గుర్తించడమే, జేఎఫ్‌టీ కంప్యూటర్ మీద. ఎన్4కి సుమారు 300 కంజి అని పుస్తకాలు అంటాయి, అధికారిక జాబితా మాత్రం ఇప్పుడు ఇవ్వడం లేదు. 2,136 అక్షరాల నిత్యవాడుక జాబితా చూసి ఇప్పుడే భయపడకండి. పట్టుకోవడం, ఎదురుచూడటం లాంటి కవలల దగ్గర కన్ను పొరబడుతుంటే మాత్రం జీబోర్డ్‌లో జపనీస్ హ్యాండ్‌రైటింగ్ చేర్చుకుని ఆ రెండింటినీ వేలితో రాయండి. ఎడమ ముక్క సరిగ్గా పడకపోతే కీబోర్డు వేరే అక్షరం చూపిస్తుంది, అక్కడికక్కడే దిద్దుకోవచ్చు.