తాబేలు మేసే కుండీ మొక్కలకు ఏ ఎరువు వేయాలి?

ప్రశ్న: మేము అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయి పెంచుకుంటున్న సల్కేటా అనే ఆఫ్రికా నేల తాబేలుకు మేతగా కుండీల్లో గరిక, మందారం, తోటకూర పెంచుతున్నాను. మందారం ఆకులు పసుపు పచ్చగా మారుతున్నాయి. దుకాణంలో పూల మొక్కలకని గుళికల ఎరువు ఇచ్చారు. వేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ముందు ఆ డబ్బా మీద ఏం రాసి ఉందో పూర్తిగా చదవండి. గులాబీ, మందారం మొక్కలకని అమ్మే కొన్ని మిశ్రమాల్లో ఎరువుతో పాటు పురుగుమందు కూడా కలిపి ఉంటుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెల కింద చిన్న అక్షరాల్లో ఇమిడాక్లోప్రిడ్ అనో డైనోటెఫ్యురాన్ అనో కనిపిస్తే దాన్ని మేత మొక్కల దరిదాపుల్లోకి రానివ్వకండి. ఇమిడాక్లోప్రిడ్ మన దేశంలో పత్తి, మిరప రైతులు రసం పీల్చే పురుగులకు వాడే మందే. వేరు నుంచి ఆకులోకి, పువ్వులోకి ఎక్కుతుంది కాబట్టి ఎంత కడిగినా పోదు. మందారం లాంటి కాండం ముదిరే మొక్కల్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఉండిపోతుంది. ఇప్పటికే వేసి ఉంటే ఆ మొక్కను పూల కోసం ఉంచుకోండి, మేతకు వద్దు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు ముందే ఏ మందు వేశారో మనకు తెలియదు. అందుకే మందులు వాడని తెలిసినవాళ్ల పెరటి నుంచి కొమ్మ తెచ్చి నాటుకోవడం మేలు.

పురుగుమందు కలవకపోయినా గుళికలు మంచివి కావు. మట్టి మీద కనిపించిన రంగు గుళికను తాబేలు ఆకుతో పాటు కొరికి మింగేస్తుంది. కుండీ మట్టిలో కలిపే తెల్లటి పెర్లైట్ పలుకులనూ వదలదు. కుండీని దాని నోటికి అందకుండా ఉంచి, ఆకు మీరే కోసి పెట్టండి.

ఇక పసుపు రంగు సంగతి. లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. మీ ప్రాంతపు నీటిలో క్షార గుణం ఎక్కువ కాబట్టి మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. చీలేటెడ్ ఇనుమును (వేరుకు తేలిగ్గా అందేలా తయారుచేసిన ఇనుము) డబ్బా మీద చెప్పిన మోతాదులో సగం మాత్రమే నీటిలో కలిపి, ఆకుల మీద పడకుండా మొక్క మొదలు దగ్గర పోయండి. అలా కాక కింది ముదురు ఆకులు ముందుగా పసుపైతే నత్రజని చాలడం లేదని అర్థం. అప్పుడు వర్మీకంపోస్టు వేయండి. 12 అంగుళాల కుండీకి రెండు గుప్పెళ్లు, రెండు నెలలకోసారి, పైపైన చల్లకుండా మట్టిలో కలిపితే చాలు. ఆముదపు పిండి వేయవద్దు. అందులోని రిసిన్ అనే విషం ప్రాణాంతకం. పచ్చి పేడ, కోళ్ల ఎరువు కూడా వద్దు, పేగులకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం ఉంటుంది. తాబేలు పెంట అసలే వద్దు. దాని పొట్టలోని పురుగుల గుడ్లు మేత ద్వారా మళ్లీ దాని పొట్టలోకే చేరతాయి.

ఆకు నిగనిగలాడాలని నత్రజని పెంచకండి. అవసరానికి మించిన నత్రజనిని మొక్క నైట్రేటుగా, ముఖ్యంగా కాడల్లో, దాచుకుంటుంది. తోటకూరకు ఈ గుణం మరీ ఎక్కువ. పశువుల పొట్టలో నైట్రేటు నైట్రైటుగా మారి, రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. తాబేలు కూడా మేతను పేగుల్లో పులియబెట్టుకునే జీవే కాబట్టి అదే జాగ్రత్త పాటించండి. కుండీలను రెండు జట్లుగా పెట్టుకుని, ఒక జట్టుకు ఎరువు వేసిన మూడు వారాల వరకు రెండో జట్టు నుంచే కోయండి. మబ్బు రోజుల్లో నైట్రేటు పేరుకుంటుంది, ఎండ కాసిన రోజు మధ్యాహ్నం తరువాత కోయడం మంచిది. తోటకూరలో ఆక్సలేట్లు అనే లవణాలు కూడా ఉంటాయి. అవి మేతలోని సున్నాన్ని (కాల్షియాన్ని) పట్టేసి చిప్పకు అందనివ్వవు. దాన్ని ఎప్పుడో ఒకసారి కొద్దిగా పెట్టి, గరికనే ప్రధాన మేతగా ఉంచండి. సల్కేటా ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతంలో ఎండు గడ్డి మేసి బతికే జంతువు, పీచు ఎక్కువగా, మాంసకృత్తులు తక్కువగా ఉన్న మేతే దానికి సరిపడుతుంది.

ఒకవేళ గుళికలు మింగినట్టు అనుమానం వస్తే డబ్బాతో సహా సరీసృపాలను చూసే పశువైద్యుని దగ్గరకు వెంటనే తీసుకెళ్లండి. నీరసపడేదాకా ఆగవద్దు.

ఇది చదివి మన దేశంలో తాబేలును పెంచుకోవాలనుకునేవారికి ఒక హెచ్చరిక: మన నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎక్కడైనా కనిపిస్తే అటవీ శాఖకు తెలియజేయండి.