ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ విలువలను ఎలా అర్థం చేసుకోవాలి?

మీరు మూడు సందేహాలు అడిగారు. జింక్‌కు −0.76 వోల్టులు, కాపర్‌కు +0.34 వోల్టులు అనే విలువలు ఎలా వచ్చాయి? సమీకరణాన్ని 2తో గుణించినప్పుడు పొటెన్షియల్‌ను కూడా గుణించాలా? −1.66 వోల్టుల విలువ ఉన్న అల్యూమినియం, కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఏ మార్పూ లేకుండా ఎందుకు ఉండిపోతుంది? డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా రసాయనశాస్త్ర ప్రయోగాలు చేయిస్తున్నాను కనుక, ప్రయోగశాలలో గమనించినవాటి ఆధారంగా చెబుతాను.

జింక్ కడ్డీని జింక్ సల్ఫేట్ ద్రావణంలో ముంచగానే కొన్ని పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను లోహంలోనే వదిలేసి అయాన్లుగా ద్రావణంలోకి దిగుతాయి. అదే సమయంలో ద్రావణంలోని అయాన్లు కొన్ని ఎలక్ట్రాన్లను తీసుకుని తిరిగి లోహం మీదికి చేరుతాయి. ఈ రెండు మార్పులూ సమతాస్థితికి వచ్చేసరికి లోహానికీ ద్రావణానికీ మధ్య ఒక పొటెన్షియల్ తేడా నిలుస్తుంది. దాన్ని విడిగా కొలవడం సాధ్యం కాదు, ఎందుకంటే వోల్ట్‌మీటర్ రెండో తీగను ద్రావణంలో పెట్టిన మరుక్షణం ఆ తీగే ఇంకొక ఎలక్ట్రోడ్ అయిపోతుంది. అందుకే ప్రమాణ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌కు సున్నా విలువ ఇవ్వాలని ఒప్పుకుని, మిగతావన్నీ దానితో పోల్చి కొలిచారు. అందులో ప్లాటినం బ్లాక్ పూత ఉన్న ప్లాటినం రేకు మీదుగా 1 బార్ పీడనంతో హైడ్రోజన్ వాయువును పంపుతారు, ద్రావణంలో హైడ్రోజన్ అయాన్ల క్రియాశీలత (అంటే ప్రభావవంతమైన గాఢత) 1 ఉంటుంది. జింక్ ముందున్న ఋణ గుర్తుకు అర్థం ఇంతే: ఈ రెంటినీ కలిపితే జింక్ ఋణధ్రువం అవుతుంది, ఎలక్ట్రాన్లు జింక్ నుంచి హైడ్రోజన్ వైపు వెళతాయి. ఇలా కొలిచిన విలువల పట్టికలోని ప్రతి సంఖ్యా రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడాయే కానీ ఏ ఒక్క లోహానికో సొంతమైన వోల్టేజి కాదు.

1836లో రసాయన శాస్త్రవేత్త డేనియల్ రూపొందించిన ఘటంలో జింక్ ఆనోడ్ (ఎలక్ట్రాన్లను వదిలేది, అంటే ఆక్సీకరణం జరిగేది), కాపర్ కాథోడ్ (ఎలక్ట్రాన్లను తీసుకునేది, అంటే క్షయకరణం జరిగేది). పట్టికలో రెండింటికీ ఇచ్చినవి క్షయకరణ పొటెన్షియల్‌లే కాబట్టి, కాథోడ్ విలువలోంచి ఆనోడ్ విలువను తీసివేస్తే చాలు: 0.34 నుంచి −0.76 తీసివేస్తే 1.10 వోల్టులు. ఆక్సీకరణం జరుగుతోంది కదా అని జింక్ గుర్తును ముందే మార్చి, ఆ తర్వాత తీసివేత కూడా చేస్తే −0.42 వస్తుంది, విద్యార్థుల రికార్డుల్లో నేను ఎక్కువగా దిద్దేది ఈ సంఖ్యనే.

రెండు ద్రావణాలనూ కలిపే లవణపు గొట్టం, అంటే సాల్ట్ బ్రిడ్జ్ గురించి పుస్తకాలు ఒక్క వాక్యంతో సరిపెడతాయి కానీ, ప్రయోగంలో సగం శ్రద్ధ దానిమీదే పెట్టాలి. దాన్ని పైకి తీయగానే వోల్ట్‌మీటర్ రీడింగ్ సున్నాకు పడిపోతుంది, లేదా అర్థం లేకుండా అటూ ఇటూ ఊగుతుంది. అగర్ జెల్ నింపేటప్పుడు యూ ఆకారపు గొట్టంలో అడ్డంగా చిన్న గాలి బుడగ చిక్కుకున్నా ఇదే జరుగుతుంది, కనుక రీడింగ్ నిలవకపోతే తీగలకన్నా ముందు గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడమంటాను. జింక్ వైపు ధనావేశం, కాపర్ వైపు ఋణావేశం పేరుకోకుండా అయాన్లు అందించడమే దాని పని. పొటాషియం, క్లోరైడ్ అయాన్లు దాదాపు ఒకే వేగంతో కదులుతాయి కాబట్టి పొటాషియం క్లోరైడ్ వాడతాం. సిల్వర్ నైట్రేట్ ఉన్న ఘటంలో మాత్రం సిల్వర్ క్లోరైడ్ అవక్షేపం ఏర్పడి గొట్టం మూతి పూడుకుపోతుంది, అక్కడ పొటాషియం నైట్రేట్ వాడాలి.

సమీకరణాన్ని 2తో గుణించడం గురించిన రెండో సందేహానికి, కాపర్, సిల్వర్ ఎలక్ట్రోడ్లున్న ఆ ఘటమే మంచి ఉదాహరణ. ఒక కాపర్ పరమాణువు ఇచ్చే రెండు ఎలక్ట్రాన్లకు రెండు సిల్వర్ అయాన్లు కావాలి కనుక సిల్వర్ అర్ధచర్యను (ఒక ఎలక్ట్రోడ్ వద్ద జరిగే చర్యను) 2తో గుణిస్తాం. కానీ దాని 0.80 వోల్టులు అలాగే ఉంటాయి, ఘటం విలువ 0.46 వోల్టులే. పొటెన్షియల్ అంటే ఒక్కొక్క కూలూంబ్ ఆవేశానికి వచ్చే శక్తి. చర్యను రెట్టింపు చేస్తే శక్తీ రెట్టింపవుతుంది, ఆవేశమూ రెట్టింపవుతుంది, వాటి నిష్పత్తి మారదు. గుణించవలసింది గిబ్స్ శక్తినే (చర్య నుంచి విద్యుత్ పనిగా రాబట్టగల శక్తిని): డేనియల్ ఘటంలో 2 మోల్‌ల ఎలక్ట్రాన్లను 96,485 కూలూంబ్‌లతోనూ 1.10 వోల్టులతోనూ గుణిస్తే మోల్ జింక్‌కు సుమారు 212 కిలోజౌళ్లు వస్తాయి.

ఈ విలువలన్నీ ప్రమాణ స్థితులకు చెందినవి. గాఢతను బట్టి పొటెన్షియల్ ఎలా మారుతుందో చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద డేనియల్ ఘటంలో కాపర్ అయాన్ల గాఢతను 1 మోలార్ నుంచి 0.01 మోలార్‌కు తగ్గిస్తే ఘటం పొటెన్షియల్ 0.06 వోల్టులు మాత్రమే తగ్గుతుంది. గాఢత వందో వంతుకు పడిపోయినా ఇంత స్వల్పమైన మార్పే ఎందుకంటే, అది సంవర్గమానం మీద ఆధారపడుతుంది.

ఇక అల్యూమినియం విషయం. పట్టిక చర్య ఏ దిశలో సాగగలదో చెబుతుంది, ఎంత వేగంగా సాగుతుందో చెప్పదు. అల్యూమినియం ఉపరితలాన్ని కొన్ని నానోమీటర్ల మందం ఉన్న ఆక్సైడ్ పొర కప్పి ఉంటుంది కాబట్టి కాపర్ అయాన్లు లోహాన్ని చేరలేవు. అదే బీకరులో చెంచాడు సోడియం క్లోరైడ్ వేసి కలిపి చూడండి: క్లోరైడ్ అయాన్లు ఆ పొరను అక్కడక్కడా ఛేదించగానే ఎర్రటి కాపర్ పొడి పేరుకోవడం, హైడ్రోజన్ బుడగలు లేవడం, బీకరు వేడెక్కడం మీకే కనిపిస్తాయి. పొటెన్షియల్ పట్టికలో ఏ విలువా మారలేదు, అడ్డుగా ఉన్న పొర మాత్రమే తొలగింది.