మేస్త్రీతో ఒప్పందం రాసుకునే ముందు: ఇల్లు కట్టుకుంటున్న మేనకోడలికి లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నరసరావుపేటలోని మీ స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నారనీ, మేస్త్రీ చదరపు అడుగు లెక్కన కూలి కాంట్రాక్టుకు (సామాను మీది, పనివాళ్ళు అతనివాళ్ళు) ఒప్పుకున్నాడనీ నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. ఏ సిమెంటు మంచిది, ఏ ఇసుక కొనాలి అని అడిగావు. వాటికి సమాధానం ఇంకో ఉత్తరంలో చెబుతాను గానీ, అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఒప్పంద పత్రంలో రాసే ప్రతి పేరు కింద ఏ ఏ పనులు వస్తాయో, వాటిని ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తారో మేస్త్రీని ఎదురుగా కూర్చోబెట్టుకుని తేల్చుకోవాలి. ఇన్నేళ్ళ ఇళ్ళ నిర్మాణ పర్యవేక్షణలో నేను తీర్చిన తగాదాలలో మోసం వల్ల వచ్చినవి తక్కువ. ఒకే మాటను యజమాని ఒక విధంగా, మేస్త్రీ ఇంకొక విధంగా అర్థం చేసుకోవడం వల్ల వచ్చినవే ఎక్కువ.

మొదట చదరపు అడుగు సంగతే చూడు. బయటి గోడల అంచు నుంచి అంచుకు 30 అడుగులు, 40 అడుగులు ఉన్న ఇల్లు అనుకుందాం. గోడలతో కలిపి కొలిస్తే 1,200 చదరపు అడుగులు వస్తాయి, దీనిని ప్లింత్ ఏరియా అంటారు. తొమ్మిదంగుళాల బయటి గోడలను మినహాయించి లోపల కొలిస్తే సుమారు 1,097 మిగులుతాయి, లోపలి అడ్డుగోడలు కూడా తీసేస్తే మిగిలే గదుల నేల, అంటే కార్పెట్ ఏరియా, ఇంకా తగ్గుతుంది. అదే ఇంటికి స్లాబును నాలుగు వైపులా రెండేసి అడుగులు బయటికి వేస్తే కొలత 34 అడుగులు, 44 అడుగులు అవుతుంది, అంటే 1,496 చదరపు అడుగులు, ఇది స్లాబ్ ఏరియా. మన వైపు మేస్త్రీలు చాలామంది స్లాబ్ ఏరియా మీదే డబ్బు లెక్క కడతారు, అందులో తప్పేమీ లేదు, కానీ నీ మనసులో 1,200 ఉండి అతని మనసులో 1,496 ఉంటే చివరి బిల్లు నాడు ఇద్దరికీ మనశ్శాంతి ఉండదు. కాబట్టి ఏ ఏరియా అన్నది పత్రంలో రాయించు. పోర్టికో, సన్‌షేడ్లు, మెట్లు, పిట్టగోడ, అటకలు, వంటగది గట్టు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ గోడ, ఎలివేషన్ (ఇంటి ముఖభాగం అలంకారం) పనులు ఆ ధరలోనే ఉన్నాయా, వేరే ధరా అన్నది కూడా ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయించు. ‘ఇతర పనులన్నీ కలిపి’ అన్న వాక్యంతో సరిపెట్టుకోవద్దు.

‘బేస్‌మెంట్’ అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త అవసరం. నగరాల్లో అపార్ట్‌మెంట్లు కట్టేవారు భూమి లోపలి అంతస్తును ఆ పేరుతో పిలుస్తారు, మన మేస్త్రీలు మాత్రం నేల మట్టం నుంచి గచ్చు మట్టం దాకా లేచే భాగాన్ని బేస్‌మెంట్ అంటారు. ‘మూడడుగుల బేస్‌మెంట్’ అని రాస్తే ఆ మూడడుగులు ఎక్కడి నుంచి అన్నది రాయాలి. స్థలం రోడ్డు కంటే అడుగున్నర పల్లంలో ఉంటే నేల నుంచి కొలిచిన మూడడుగులలో సగం అక్కడే పోతుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర వేసి ఎత్తు పెంచడం మన ఊళ్ళలో మామూలే కనుక, రోడ్డు నడిమి మట్టాన్ని ఆధారంగా తీసుకుని కొలవడం మేలు. మట్టం చూడడానికి నీళ్ళు నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టం చాలు, మేస్త్రీ దగ్గర తప్పకుండా ఉంటుంది.

మీది నల్లరేగడి నేల కావడం వల్ల పునాది విషయంలో కాస్త వివరంగా రాస్తున్నాను. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి లోతుగా నెరియలు విడుస్తుంది. పునాది ఆ కదలిక ఉన్న పొరలోనే నిలిస్తే, పైన ఎంత మంచి సిమెంటు వాడినా కొన్ని వానాకాలాల తర్వాత గోడలలో ఏటవాలు పగుళ్ళు కనిపిస్తాయి. ముందుగా మట్టి పరీక్ష చేయించి, ఎంత లోతున గట్టి నేల దొరుకుతుందో, అది ఎంత బరువు మోయగలదో నివేదిక తీసుకో. గట్టి నేల మరీ లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వేయమని ఇంజనీరు సూచించవచ్చు. అడుగు భాగం ఉల్లిగడ్డలా ఉబ్బి ఉండే ఈ పైల్స్ పద్ధతిని రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ మన నల్లరేగడి నేలల కోసమే అభివృద్ధి చేసింది. మామూలు ఫుటింగులే (స్తంభాల అడుగున వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మెలు) సరిపోతాయని తేలితే, మేస్త్రీ చెప్పే ‘పునాది ధర’లో గుంత తవ్వకం, అడుగున వేసే బెడ్ కాంక్రీటు, ఫుటింగు, పెడస్టల్ (ఫుటింగు మీద లేచే పొట్టి స్తంభం), ప్లింత్ బీము (గచ్చు మట్టం దగ్గర గోడల కింద వేసే కాంక్రీటు దూలం) అన్నీ ఉన్నాయో లేదో అడుగు. గుంతల నుంచి తీసిన నల్లమట్టిని తిరిగి గచ్చు కింద నింపనివ్వకు, ఖర్చు కలిసివస్తుందని ఎవరు చెప్పినా వినవద్దు. గ్రావెల్ తెప్పించి, జానెడు మందాన పొరలు పొరలుగా పోయించి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస వేయించాలి.

ఇనుము నువ్వే కొంటున్నావు కనుక తూకం నీకు తెలిసి ఉండాలి. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దానిని దానితోనే గుణించి, 162తో భాగిస్తే ఒక మీటరు బరువు కిలోలలో వస్తుంది. 12 ఎం.ఎం. కడ్డీ ఈ లెక్కన మీటరుకు 0.89 కిలో, 12 మీటర్ల పూర్తి కడ్డీ సుమారు 10.7 కిలోలు తూగాలి. తయారీలో కొద్దిపాటి తేడాను ప్రమాణాలు అనుమతిస్తాయి, అంతకు మించి తగ్గితే దుకాణదారుని అడగవచ్చు. స్తంభాలకు, బీములకు చుట్టే రింగుల కొసలను లంబంగా వంచి వదిలేయకుండా, 135 డిగ్రీల కోణంలో లోపలికి వంచమని రాడ్ బెండింగ్ వారికి ముందే చెప్పు. కడ్డీలను ఎడంగా నిలిపే కవర్ బ్లాకులు కూడా చిన్న వస్తువులే గానీ వాటి పని పెద్దది. ఇనుముకీ కాంక్రీటు బయటి ముఖానికీ మధ్య స్లాబులో 20, స్తంభంలో 40, ఫుటింగులో 50 మిల్లీమీటర్ల ఎడం ఉండకపోతే, తేమ తగిలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా రాలగొడుతుంది. కంకర రాళ్ళు ఆనించి పని కానిచ్చేయడం ఒప్పుకోకు.

ఇక స్లాబు. నా దృష్టిలో ఇల్లంతటిలోనూ నువ్వూ, అల్లుడూ తప్పకుండా దగ్గర ఉండవలసిన రోజు అదే. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం ఇనుము వేసే కాంక్రీటు ఎం 20 అనే బలం గ్రేడు కంటే తక్కువ ఉండకూడదు. వాడుకలో అది ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు కంకర. 50 కిలోల సిమెంటు బస్తా సుమారు ఒకటింపావు ఘనపుటడుగులు ఉంటుంది కాబట్టి, ఆ కొలతకు పెట్టె చేయించి ఇసుకను, కంకరను దానితోనే కొలిపించు. తట్టల లెక్క మధ్యాహ్నానికి అలసటతో మారిపోతుంది. తడి ఇసుక పొడి ఇసుక కంటే నాలుగో వంతు దాకా ఎక్కువ చోటు ఆక్రమించగలదు, ఆ సంగతి కూడా చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం నీళ్ళు. మాలు జారుడుగా ఉంటే పరచడం తేలిక కనుక కూలీలు నీళ్ళు ఎక్కువ పోస్తారు. ఈ పాళ్ళలో కలిపే కాంక్రీటుకు బస్తాకు 30 లీటర్లు మించకూడదు, ఇసుకలో ఉన్న తడి కూడా ఆ లెక్కలోనిదే. ఎక్కువైన ప్రతి లీటరూ ఆరిపోయాక సన్నని రంధ్రాలను మిగిల్చి వెళ్తుంది. కాంక్రీటును కుదిపి దట్టించే వైబ్రేటర్లు రెండు ఉండాలి, ఒకటి మొరాయిస్తే రెండోది పనిచేయాలి.

స్లాబు వేసిన మర్నాటి నుంచి మళ్ళు కట్టి నీళ్ళు నిలపాలి, స్తంభాలకు గోనెసంచులు చుట్టి తడి ఆరకుండా చూడాలి. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటుకు కనీసం 10 రోజులు క్యూరింగ్ (ఇలా తడిగా ఉంచడం) చేయాలి. పల్నాడు ఎండలకు నేనైతే 14 రోజుల కంటే తక్కువ చెప్పను. కూలి కాంట్రాక్టులో నీళ్ళు పోసే బాధ్యత తరచుగా ఎవరిదీ కాకుండా మిగిలిపోతుంది, కాబట్టి ఆ పని ఎవరిదో పేరు రాసి పత్రంలో పెట్టండి. సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడే దాకా కింద ఆపే తాత్కాలిక చట్రం) అద్దె పెరుగుతోందని తొందరపడి ఊతకర్రలు తీయనివ్వవద్దు. నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పు గది స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, ఆరు మీటర్ల లోపు బీములకు 14 రోజులు ఆగడం కనీస గడువు. పి.పి.సి. వాడితే ఇంకొన్ని రోజులు కలుపుకోవాలి.

గోడల పనిని నీ కంటితోనే చూసుకోవచ్చు, తూకం గుండు వేలాడదీస్తే వాలు తెలిసిపోతుంది. ఇటుకలను తడిపి వాడాలి. ప్లాస్టరింగ్ లోపల 12, బయట 20 మిల్లీమీటర్ల మందం వాడుక. స్తంభమూ ఇటుకా కలిసే చోట వల కొట్టి ప్లాస్టర్ చేస్తే తర్వాత నిలువు పగుళ్ళు తగ్గుతాయి. పుట్టీ, రంగులు, టైల్స్ వేరే మనుషుల పని, వేరే ధరలు. టైల్స్‌లో నేల చదరపు అడుగు లెక్క, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే టైల్స్ పట్టీ) రన్నింగ్ అడుగు, అంటే పొడవు లెక్క అని గుర్తుంచుకుంటే చాలు. స్నానాల గదికి మాత్రం టైల్స్ వేయకముందే రెండు రోజులు నీళ్ళు నిలిపి, కింది వైపు చెమ్మ కనిపిస్తుందేమో చూడాలి.

డబ్బును రోజుల లెక్కన కాకుండా దశల లెక్కన ఇవ్వండి: ప్లింత్ బీము, స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్ పూర్తయినప్పుడు ఒక్కొక్క వాయిదా. చివరి వాయిదాలో కొంత మొత్తం ఒక వానాకాలం గడిచే దాకా ఆపుకునే షరతును మేస్త్రీ సమ్మతితోనే రాసుకోండి. ముసాయిదా సిద్ధమయ్యాక సంతకం పెట్టే ముందు నాకొక ప్రతి, ఇంజనీరు ఇచ్చిన నమూనా పటాలు, మట్టి పరీక్ష నివేదిక పంపు. నేను చదివి, అనుమానం ఉన్న ప్రతి మాట కింద గీత గీసి తిరిగి పంపుతాను, ఆ తర్వాతే ముహూర్తం పెట్టించుకోండి.

ఆశీస్సులతో,
మీ మామయ్య